కువైట్‌లో వేసిన డబ్బు పీలేరు చేరేదాకా

"వాళ్ళు వేశామంటున్నారు, మాకింకా పడలేదు." పాత చిత్తూరు జిల్లాలోని బ్యాంకు కౌంటర్లకు ఈ మాట కొత్త కాదు. పీలేరు, మదనపల్లె వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ ఇంటివాళ్ళు అడుగుతారు. తోతాపురి గుజ్జును డ్రమ్ముల్లో నింపి సౌదీకి, యూరప్‌కు పంపే చిత్తూరు ఫ్యాక్టరీలవాళ్ళూ అడుగుతారు. మూడొందల రూపాయల చెప్పుల పార్శిల్ ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంటే, ముప్పై లక్షలు ఎక్కడున్నాయో మేనేజరుకే తెలియకపోవడం ఏమిటని వాళ్ళకు కోపం వస్తుంది. అందులో న్యాయముంది. కానీ తప్పు ఆ మేనేజరుది కాదు. యాభై ఏళ్ళ కిందట బ్యాంకులు కుదుర్చుకున్న పద్ధతే అలాంటిది.

నిజానికి డబ్బు ఎక్కడికీ కదలదు. రియాద్‌లోని బ్యాంకుకు చిత్తూరు శాఖతో నేరుగా ఏ ఖాతా సంబంధమూ ఉండదు. డాలర్ల బేరమైతే సాధారణంగా న్యూయార్క్‌లో ఇద్దరికీ ఖాతాలున్న ఒక బ్యాంకు ఉంటుంది. అది ఒకరి ఖాతాలో తగ్గించి మరొకరి ఖాతాలో కలుపుతుంది. మన బ్యాంకు అలా విదేశంలో పెట్టుకున్న ఖాతాను నోస్ట్రో అంటారు. సముద్రాలు దాటేది 'ఇంత కలపండి' అనే సందేశం మాత్రమే.

మొదట్లో ఆ సందేశం టెలెక్స్‌లో వెళ్ళేది. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసేవారు. అది అసలైనదో కాదో తేల్చడానికి అటువైపు గుమస్తా, ఇటువైపు గుమస్తా కోడ్ పుస్తకాలు ముందేసుకుని టెస్ట్ కీ అనే రహస్య సంఖ్య లెక్క కట్టేవారు. ఈ అవస్థ భరించలేక 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియంలో ఒక సహకార సంస్థ పెట్టుకున్నాయి. అదే స్విఫ్ట్. 1977లో సందేశాలు మొదలయ్యాయి. మన దేశం 1991లో చేరింది. అప్పటికి గల్ఫ్ నుంచి మన పల్లెలకు డబ్బంటే ఎక్కువగా డిమాండ్ డ్రాఫ్టే. రిజిస్టర్డ్ పోస్టులో రావాలి, లేదంటే సెలవు మీద వచ్చే ఊరివాడి చేత పంపాలి. బ్యాంకులో వేశాక అది వసూలయ్యేదాకా మళ్ళీ ఎదురుచూపులే.

స్విఫ్ట్ ప్రతి వివరానికీ ఒక గడి కేటాయించింది. ఖాతాదారుల చెల్లింపులకు వాడే ఎంటీ103 సందేశంలో గ్రహీత పేరు, చిరునామా కలిపి 35 అక్షరాల చొప్పున నాలుగు వరుసలు. తప్పులు తగ్గాయి, వేగం పెరిగింది. అయితే ఒక లోటు మిగిలిపోయింది. సందేశం ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు వెళ్ళిన ప్రతిసారీ ఆ బ్యాంకు తన సొంత రిఫరెన్స్ నంబరు వేసుకునేది. మూడు బ్యాంకులు దాటితే మూడు నంబర్లు. డబ్బు రాలేదని చిత్తూరులో ఫిర్యాదు ఇస్తే, శాఖ తమ బ్యాంకు విదేశీ మారకపు (ఫారెక్స్) విభాగానికి రాయాలి, వాళ్ళు న్యూయార్క్‌కు ఎంటీ199 అనే ఉత్తరం లాంటి సందేశం పెట్టాలి, అక్కడివాళ్ళు తమ నంబరుతో వెతికి వెనక బ్యాంకును అడగాలి. ఇన్ని చేతులు మారేసరికి రోజులు గడిచిపోయేవి.

ఇక్కడ నాకు విచిత్రంగా అనిపించే సంగతి ఒకటుంది. వెస్టర్న్ యూనియన్‌లో నాలుగు వేలు పంపిన పనిమనిషికి ఆ రోజుల్లోనే పది అంకెల నంబరు ఇచ్చేవారు. ఆమె దాన్ని ఫోన్‌లో చెబితే, ఊళ్ళో వాళ్ళమ్మ గుర్తింపు కార్డు చూపించి డబ్బు తెచ్చుకునేది. కోట్ల ఎగుమతులు చేసే ఫ్యాక్టరీకి మాత్రం బ్యాంకులు అలాంటి నంబరు ఇవ్వలేకపోయాయి. పంపేచోటా ఇచ్చేచోటా ఒకే కంపెనీ ఉంటే ఆచూకీ సులువు. ఎవరి పుస్తకం వాళ్ళదైన బ్యాంకుల వరుసలో అది కుదరలేదు. గల్ఫ్‌లో డబ్బు మార్చి పంపే ఎక్స్ఛేంజ్ హౌస్‌లు మరో దారి పట్టాయి. మన బ్యాంకుల్లో ముందే రూపాయల ఖాతా తెరిచి, అందులోంచి నేరుగా చెల్లిస్తాయి. రూపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్ అంటే ఇదే. కువైట్ కూలీ డబ్బు ఒక్కోసారి నిమిషాల్లో పడి, గుజ్జు డబ్బు రోజుల తరబడి రాకపోవడానికి కారణం ఇదే.

బ్యాంకులను కదిలించింది కొంత పోటీ, కొంత భయం. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు స్విఫ్ట్ టెర్మినల్‌లో దూరి, అమెరికా కేంద్ర బ్యాంకులో భాగమైన న్యూయార్క్ ఫెడ్‌లోని దాని ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు లాగబోయారు. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు వెళ్ళిపోయాయి. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబై శాఖ కుంభకోణం బయటపడింది. స్విఫ్ట్‌లో హామీ సందేశాలు వెళ్తున్నా, ఆ వ్యవస్థ బ్యాంకు అసలు సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి లేనందున లెక్కల్లో ఎక్కడా కనిపించలేదు. రెండింటినీ ఏప్రిల్ 30లోగా కలపాలని రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టింది.

ఈ మధ్యలోనే, 2017లో, చెల్లింపుల ఆచూకీ చూపే స్విఫ్ట్ జీపీఐ అనే ఏర్పాటు వచ్చింది. చెల్లింపు పుట్టిన చోటే 36 అక్షరాల యూఈటీఆర్ నంబరు పడుతుంది. ఎన్ని బ్యాంకులు దాటినా అది మారకూడదు. 2018 నవంబరు నుంచి ప్రతి ఎంటీ103లో దాన్ని తప్పనిసరి చేశారు. ఏ బ్యాంకు దగ్గర ఎంతసేపు ఆగింది, ఎవరు ఎంత కోశారు అన్నది ట్రాకర్‌లో కనిపించడం మొదలైంది.

ఆ కోత గుజ్జువాళ్ళకు చిన్న విషయం కాదు. ఇన్‌వాయిస్ 50,000 డాలర్లుంటే మధ్య బ్యాంకులు చార్జీలు పట్టుకుని ఇంకొంచెం తక్కువ చేతికిస్తాయి. ఎగుమతుల సొమ్ము వచ్చిందో లేదో చూడటానికి రిజర్వ్ బ్యాంకు 2014లో తెచ్చిన ఈడీపీఎంఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో షిప్పింగ్ బిల్లుకూ వచ్చిన సొమ్ముకూ జత కుదరాలి. తేడా ఎందుకొచ్చిందో చూపించేదాకా ఆ బిల్లు తెరిచే ఉంటుంది. 'చార్జీలు పోయాయి' అని నోటిమాటగా చెప్పడానికీ, ట్రాకర్ కాగితం పెట్టడానికీ చాలా తేడా ఉంది.

ఇంతా చేస్తే, ఆలస్యం చాలావరకు చివరి మజిలీలోనే ఉందని బయటపడింది. జీపీఐ లెక్కలను పరిశీలించిన అంతర్జాతీయ కమిటీ సీపీఎంఐ 2022లో ఇదే చెప్పింది. సందేశం గ్రహీత బ్యాంకుకు త్వరగానే చేరుతోంది, ఖాతాలో పడటానికే సమయం పడుతోంది. మన దగ్గర కారణాలు చాలా. డబ్బు దేనికొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ కావాలి, నోస్ట్రోలో జమ సరిచూసుకోవాలి, ఆంక్షల జాబితాలో పేర్లు వెతకాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే ఉంటే అక్కడొక బ్రేకు. సెలవుల లెక్క సరేసరి. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు, న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. గురువారం సాయంత్రం రియాద్‌లో బ్యాంకు మూసేలోగా బయల్దేరని డాలర్లకు సోమవారందాకా దిక్కులేదు.

తిరుపతిలో దీనికి పూర్తిగా ఎదురు సమస్య వచ్చింది. శ్రీవారి హుండీలో పడే డాలర్లు, రియాళ్ళకు పంపినవారి పేరే ఉండదు. విదేశీ విరాళాల చట్టానికి దాత వివరాలు కావాలి. ఆ నోట్లు జమకాక చిక్కుపడితే, చివరికి 2023లో కేంద్రం టీటీడీకి మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఆచూకీ అడగడమే అర్థంలేని డబ్బు కూడా ఉంటుందన్నమాట.

యూఈటీఆర్ వచ్చి ఇన్నేళ్ళైనా మన శాఖల్లో దాని పేరెత్తేవాళ్ళు తక్కువ. స్విఫ్ట్ కాపీ, అంటే ఆ చెల్లింపు సందేశం నకలు, అడిగితే 'మీ పార్టీనే కనుక్కోమనండి' అంటారు. పంపినవాళ్ళ దగ్గర ఆ కాపీ తెప్పించుకుని, అందులోని యూఈటీఆర్ రాసి ఫారెక్స్ విభాగానికి మెయిల్ పెడితే జవాబు త్వరగా వస్తుంది. వాళ్ళ దగ్గర ట్రాకర్ ఉంటుంది, శాఖ దగ్గర సాధారణంగా ఉండదు.

ఇప్పుడు ఎంటీ103 కూడా తప్పుకుంది. ఐఎస్‌ఓ 20022 అనే కొత్త సందేశ పద్ధతికి 2023 మార్చిలో మొదలైన మార్పిడి 2025 నవంబరుతో ముగిసింది. కొత్త సందేశం పేరు ప్యాక్స్.008. యూఈటీఆర్ ఇందులోనూ కొనసాగుతోంది. చిరునామా మాత్రం ముక్కలుగా విడగొట్టాలి. కనీసం ఊరు, దేశం వాటి గడుల్లో ఉండాలి, అందుకు 2026 నవంబరు గడువు. 'తాతయ్యగుంట గంగమ్మ గుడి వెనక, తిరుపతి' అని ఒకే వరుసలో రాసి పంపితే ఆ తర్వాత సందేశం వెనక్కి వస్తుంది. 2022లో జిల్లాలు విడిపోయినా చాలా పాస్‌బుక్కుల్లో ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంది. ఎక్స్ఛేంజ్ హౌస్‌లో, బ్యాంకులో ఉన్న పేరు, చిరునామా ఒకటేనో కాదో ఒకసారి చూసుకోవాల్సిన సమయం ఇదే.