చిత్తూరు, తిరుపతి రోడ్ల మీద ట్యాబ్‌తో పని: నెట్ గురించి అపోహలు - వాస్తవాలు

పాల కేంద్రాల లెక్కలు ఎక్కించేవాళ్లు, దామలచెరువు మండీల్లో మామిడి బిల్లులు కొట్టేవాళ్లు, సర్వేకని ఊరూరా తిరిగేవాళ్లు ట్యాబ్ లేకుండా కదలని రోజులివి. నెట్ ఆగితే అందరూ టవర్‌నే తిట్టుకుంటారు. చాలాసార్లు పొరపాటు ట్యాబ్ కొన్న రోజే జరిగిపోయి ఉంటుంది.

అపోహ: పక్కన ట్రే ఉందిగా, సిమ్ పడుతుంది.

వైఫై మోడళ్లలో చాలావాటికి ట్రే ఉంటుంది, కానీ అది మెమరీ కార్డుది. మెమరీ కార్డు 15 × 11 మిల్లీమీటర్లు, నానో సిమ్ 12.3 × 8.8. సిమ్ చిన్నది కాబట్టి ఆ గూట్లో వదులుగా కూర్చుని, లోపలికి తోసేటప్పుడు అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. పిన్ను పెట్టి లాగితే లోపలి సన్నటి కాంటాక్టులు వంగిపోతాయి. ఆ తర్వాత మెమరీ కార్డు పెట్టినా చదవదు. కొనేముందు డబ్బా మీద లేబుల్ చూడండి. 15 అంకెల ఐఎంఈఐ (సిమ్ పట్టే పరికరానికి ఉండే గుర్తింపు నంబరు) ఉంటే సిమ్ మోడల్, సీరియల్ నంబరు ఒక్కటే ఉంటే వైఫై మోడల్. కొత్త ఐప్యాడ్లలో కొన్నిటికి ట్రేనే ఉండదు, ఈసిమ్ (లోపలే అమర్చి ఉండే సిమ్) మాత్రమే. వాటికీ ఐఎంఈఐ ఉంటుంది.

విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన ట్యాబ్ అయితే బ్యాండ్లూ (టవర్లు వాడే తరంగాల వరసలు, ఒక్కోదానికి ఒక్కో నంబరు) చూడాలి. మన దగ్గర 4జీకి 3, 5, 8, 40 ముఖ్యం. 40 లేకపోతే టౌన్‌లో రద్దీ వేళ వేగం పడిపోతుంది. పల్లెల్లోకి, గోడల లోపలికి అందాలంటే జియో సిమ్‌కి 5, ఎయిర్‌టెల్ సిమ్‌కి 8 ఉండి తీరాలి.

అపోహ: 5జీ ట్యాబ్ అయితే ఘాట్‌లోనూ నెట్ ఆగదు.

మంచి వేగం ఇచ్చే 5జీ ఎక్కువగా 3300 మెగాహెర్ట్జ్ పైన నడుస్తుంది. ఆ తరంగాలు కొండని చుట్టి రాలేవు. భాకరాపేట ఘాట్‌లో ఒక్క మలుపు తిరిగితే చాలు, టవర్‌కీ మనకీ మధ్య కొండ అడ్డం. అక్కడ 850, 900 మెగాహెర్ట్జ్ 4జీయే (పైన చెప్పిన 5, 8 బ్యాండ్లు) నయం. 5జీ వస్తూ పోతూ ఉంటే నెట్‌వర్క్ మోడ్‌ని 4జీకి మార్చేయండి.

తెర మీది సిగ్నల్ గీతలు నమ్మొద్దు. ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కన గీస్తుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ట్యాబ్లెట్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 85, 90 ఉంటే నిశ్చింత. మైనస్ 110 దాటి దిగితే పేజీ తెరుచుకున్నా ఫొటో మాత్రం ఎక్కదు. టవర్ పదుల వాట్లతో పంపుతుంది, ట్యాబ్ మహా అయితే 200 మిల్లీవాట్లు. సిగ్నల్ తగ్గేకొద్దీ ట్యాబ్ ఆ 200కీ ఎగబాకుతుంది. బ్యాటరీ కరగడం, వీపు వేడెక్కడం అందుకే. ఘాట్ ఎక్కే ముందే ఫారాలు ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసి ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. దాటాక తీస్తే కొత్త టవర్‌ని వెంటనే వెతుక్కుంటుంది.

అపోహ: నెట్ లేకపోతే జీపీఎస్ కూడా లేనట్టే.

జీపీఎస్ నేరుగా ఉపగ్రహాల నుంచి వింటుంది, నెట్ అక్కర్లేదు. నెట్ లేకపోతే మొదటిసారి ఆరుబయట ఒకటి రెండు నిమిషాలు ఆగాలి, అంతే. అసలు జాగ్రత్త వేరే ఉంది: వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్పే ఉండదు. చుట్టుపక్కల వైఫైలని బట్టి చోటు అంచనా వేస్తుంది. మామిడి తోట మధ్యలో వైఫై ఎక్కడిది? తోటల ఫొటోలకి లొకేషన్ జతచేసే పనికి అది కొనకండి.

అపోహ: ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా సిమ్ ట్యాబ్ దండగ.

రోజుకి అరగంట పనికైతే నిజమే. పొద్దస్తమానం అయితే ఫోన్ మధ్యాహ్నానికే చచ్చిపోతుంది. రెండు సిమ్‌ల ఫోన్లలో చాలావాటికి రెండో సిమ్ మీద కాల్ మాట్లాడుతుంటే మొదటిదాని డేటా ఆగుతుంది, సగం ఎక్కిన ఫారం అక్కడే నిలిచిపోతుంది. తప్పదంటే ఫోన్ నెట్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ట్యాబ్‌కి పంచండి (టెథరింగ్), వైఫై కంటే నిలకడగా ఉంటుంది.

అపోహ: బ్యాంకు నంబరు సిమ్‌నే ట్యాబ్‌లో వేస్తే ఒకటే రీఛార్జి.

ఐప్యాడ్‌లో వేసిన సిమ్‌కి మామూలు కాల్స్, ఎస్ఎంఎస్‌లు అందవు. ఓటీపీ రాదు, యూపీఐ రిజిస్టర్ కాదు. ఆ నంబరు ఫోన్‌లోనే ఉంచి, ట్యాబ్‌కి వేరే డేటా సిమ్ వేయండి.

పలమనేరు దాటి ముళబాగిలు వైపో, చిత్తూరు నుంచి వేలూరు వైపో వెళ్లేవాళ్లు డేటా రోమింగ్ ఆన్‌లోనే ఉంచండి. దేశంలో దానికి అదనపు ఛార్జీ లేదు. ఆఫ్‌లో ఉంటే సరిహద్దు దాటాక కొన్ని ట్యాబ్‌లలో గీతలు నిండుగా ఉన్నా నెట్ రాదు.