పాత కుస్తీ వీడియోల కోసం వెతికితే మన వస్తాదు దారాసింగ్ ఫైటు దొరకదు, అమెరికా ఫైటరు అండర్‌టేకర్ ఫైటు దొరుకుతుంది. ఎందుకని?

మా పెదనాన్న దారాసింగ్, కింగ్‌కాంగ్‌ల కుస్తీ గురించి చెబుతుంటే పక్కనే కూర్చుని చూసినవాడిలా చెప్పేవాడు. కింగ్‌కాంగ్ అంటే రెండు వందల కిలోలకు అటూఇటూగా ఉండే మనిషి, వాణ్ణి దారాసింగ్ అమాంతం నెత్తి మీదికి ఎత్తి గిరగిరా తిప్పి తాళ్ళ అవతలికి విసిరేశాడంట. చెబుతూ చెబుతూ లేచి నిలబడి, మంచం మీది తలగడ ఎత్తి తిప్పి చూపించేవాడు. "ఇంతకీ నువ్వెక్కడ చూశావు పెదనాన్నా?" అని ఒకసారి అడిగితే కాసేపు ఆగి, "చూడ్డమేంట్రా, పేపర్లో పడింది" అన్నాడు.

ఇప్పుడు ఆ ఫైటు కోసం ఫోన్లో వెతికితే ఎక్కువగా వచ్చేవి సినిమా ముక్కలే. దారాసింగ్ హీరోగా 1962లో 'కింగ్ కాంగ్' పేరుతోనే ఒక హిందీ సినిమా వచ్చింది, ఆ తర్వాత అలాంటి స్టంట్ సినిమాలు వరసగా చేశాడు. వాటిలోని ఫైట్లనే అసలు కుస్తీ అనుకుని పంపించుకునేవాళ్ళు చాలామంది. అసలువేమయ్యాయి? ఎవరో కాల్చేయలేదు, దాచేయలేదు. తీసినవాళ్ళే తక్కువ. ఢిల్లీలో 1959లో టీవీ ప్రయోగాత్మకంగా మొదలైంది గానీ, దారాసింగ్ ఎక్కువగా కుస్తీ పట్టిన బొంబాయికి టీవీ వచ్చింది 1972లో. మన హైదరాబాద్‌కైతే 1977లో. ఆయన మంచి వయసంతా టీవీ లేకుండానే గడిచిపోయింది.

ఆ మంచి వయసు ఎలాంటిదంటే, అమృత్‌సర్ జిల్లా ధర్మూచక్‌లో 1928లో పుట్టి, ఇరవై ఏళ్ళు నిండకముందో నిండాకో సింగపూర్ వెళ్ళి, అక్కడ డ్రమ్ముల ఫ్యాక్టరీలో పనిచేస్తూ హర్నామ్‌సింగ్ దగ్గర కుస్తీ నేర్చుకున్నాడు. కింగ్‌కాంగ్ అసలు పేరు ఎమిల్ చాయా, హంగేరీ మనిషి. ఇద్దరూ సింగపూర్ చుట్టుపక్కల నుంచి మన దేశం దాకా ఊరూరా తలపడ్డారు. ఇదే కింగ్‌కాంగ్ 1955లో జపాన్ వెళ్ళి అక్కడి పేరున్న వస్తాదు రికిడోజాన్ చేతిలో ఓడిపోయాడు. 1959లో కలకత్తాలో కెనడా వస్తాదు జార్జ్ గోర్డియెంకోని ఓడించి దారాసింగ్ కామన్వెల్త్ ఛాంపియన్ అయ్యాడు. 1968 మే 29న బొంబాయి వల్లభ్‌భాయ్ పటేల్ స్టేడియంలో అమెరికా వస్తాదు లూ థెజ్‌ని ఓడించాడు. "ప్రపంచ ఛాంపియన్‌ని ఓడించాడు" అని ఇప్పటికీ రాస్తారు గానీ, థెజ్ తన పెద్ద బెల్టుని 1966లోనే జీన్ కినిస్కీకి వదిలేశాడు, బొంబాయికి వచ్చేసరికి ఆయనకి 52 ఏళ్ళు. ఇది దారాసింగ్‌ని తగ్గించడానికి చెప్పడం కాదు. థెజ్ అంటే ఆ రోజుల్లో అసలు పట్టు తెలిసిన వస్తాదు, ఎవరు పడితే వాళ్ళ చేతిలో ఓడిపోవడానికి ఒప్పుకునే రకం కాదు. అయిదు వందల ఫైట్లలో ఒక్కటీ ఓడలేదన్న మాట మాత్రం పోస్టర్ మీద రాసుకునే మాట. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకునే వ్యాపారంలో లెక్కలకి అర్థం లేదు.

సరే, మనకి టీవీ లేదు. అమెరికాకి ఉంది కదా, అక్కడివి ఉండాలి కదా? అక్కడే అసలు తమాషా.

అక్కడ టీవీ కుస్తీ అంటే ప్రకటన. ఊరికో ప్రమోటర్, ఆయనకో స్థానిక ఛానెల్, వారానికో గంట. ఆ గంటలో పెద్ద ఫైటరు ముక్కూమొహం తెలియని ఒకణ్ణి రెండు మూడు నిమిషాల్లో చితక్కొట్టేసి, మైకు దగ్గరికొచ్చి "వచ్చే వారం ఫలానా హాల్లో వాడి అంతు చూస్తా" అని అరిచేవాడు. ఆ ఫలానా హాల్లోది చూడాలంటే టికెట్ కొనాలి. అది కూడా టీవీలో ఇచ్చేస్తే టికెట్ ఎవడు కొంటాడు? అందుకని జనం జీవితాంతం చెప్పుకున్న ఫైట్లలో చాలావాటి దగ్గర కెమెరా లేదు, కెమెరా ఉన్న చోట జరిగినవాటిలో చాలావరకు ఎవరికీ గుర్తుపెట్టుకోవాల్సినవి కావు.

తీసినవి కూడా నిలిచిందెక్కడ? 1949 నుంచి 1955 దాకా డ్యూమాంట్ అనే టీవీ నెట్‌వర్క్ షికాగోలోని మారిగోల్డ్ హాలు నుంచి కుస్తీని దేశమంతా చూపించింది. అప్పటికి వీడియో టేపు లేదు, టీవీ తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి తీసుకునేవాళ్ళు. డ్యూమాంట్ దాచిన ఫిల్ములని 1970ల్లో లారీలకెత్తి న్యూయార్క్ దగ్గర నీళ్ళలో పారబోశారని ఈడీ ఆడమ్స్ అనే నటి 1996లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ విచారణలో చెప్పింది. వీడియో టేపు 1956లో వచ్చింది గానీ గంట టేపు ధర దాదాపు 300 డాలర్లు. అంత డబ్బు పోసి కొన్న టేపుని వాడుకుని చెరిపి మళ్ళీ వాడుకోక ఏం చేస్తారు? పైగా ఒకే టేపు ఒక ఊరి ఛానెల్లో వేసి, పక్క ఊరికి పంపి, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి పంపి, తిరిగొచ్చాక దాని మీదే కొత్త వారం తీసేవాళ్ళు. మన ఇళ్ళల్లో పెళ్ళి క్యాసెట్ మీద క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసినట్టే.

దీనికి రెండు ఫైట్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

మొదటిది 1971 జనవరి 18, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. బ్రూనో సమ్మార్టినో అప్పటికి ఏడేళ్ళ ఎనిమిది నెలలుగా ఛాంపియన్. వలస వచ్చిన ఇటలీ వాళ్ళకైతే దేవుడే. ఆ రాత్రి ఐవాన్ కోలోఫ్ తాళ్ళ మీదినుంచి దూకి ఆయన్ని పిన్ చేశాడు, అంటే భుజాలు నేలకి అదిమిపట్టి ఓడించాడు. హాలు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, తన చెవులే పోయాయనుకున్నానని సమ్మార్టినో తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. జనం ఏడ్చారు. అంత పెద్ద రాత్రి టీవీలో రాలేదు. మనం చూసేది ఫొటోలు, ఎవరో అభిమాని చిన్న కెమెరాతో తీసిన మూగ ముక్కలు.

రెండోది 1979 జూన్ 15, మిసిసిపీలోని టుపెలో అనే చిన్న ఊరు. జెర్రీ లాలర్, బిల్ డండీ ఒక జట్టు, లారీ లాథమ్, వేన్ ఫెర్రిస్ ఇంకో జట్టు. ఫైటు అయిపోయింది అనుకుంటుండగా నలుగురూ కొట్టుకుంటూ పాప్‌కార్న్ అమ్మే కొట్టులోకి దూరారు. ఆవాల పేస్టు జాడీలు, ట్రేలు, చేతికి ఏది దొరికితే అది, కింద నేలంతా జారుడు. జనం కూడా పెద్దగా లేరు. మెంఫిస్ టీవీ కెమెరా మాత్రం వాళ్ళ వెనకే పరిగెత్తింది. అందుకే ఆ ఫైటు ఇవాళ్టికీ అందరికీ తెలుసు, అంతే. (ఆ ఫెర్రిసే తర్వాత గిటారు పట్టుకుని తిరిగిన హాంకీ టాంక్ మ్యాన్.)

ఇంకా వింతేంటంటే అంతకు యాభై ఏళ్ళకు పైగా ముందుది ఒకటి మిగిలింది. 1920 జనవరి 30న అదే న్యూయార్క్‌లో జో స్టెకర్, ఎర్ల్ క్యాడక్ రెండు గంటలకు పైగా పట్టిన కుస్తీలో కొంత భాగం ఫిల్ము మీద ఉంది. కింద పడి ఒకరి కాలు ఒకరు పట్టుకుని నిమిషాల తరబడి కదలరు. మన గోదాలో కుస్తీ చూసినవాళ్ళకి అదే బాగా అర్థమవుతుంది.

సినిమా వల్ల బతికింది మన దారాసింగ్ ఒక్కడే కాదు. మెక్సికోలో ముసుగు వస్తాదు సాంతో 1952లో బ్లాక్ షాడో ముసుగు ఊడదీసిన ఫైటు అక్కడి జనానికి పురాణం లాంటిది, కానీ ఇవాళ్టి పిల్లలకి సాంతోని చూపించాలంటే ఆయన చేసిన యాభైకి పైగా సినిమాలే దిక్కు. మనకి దారాసింగ్ హనుమంతుడి వేషం, వాళ్ళకి సాంతో వెండి ముసుగు.

మరి పాతవి ఈ మాత్రమైనా ఎవరు దాచారంటే, ఎక్కువగా అభిమానులే. ఇంటింటికీ వీసీఆర్ వచ్చాక ఎవరి ఊళ్ళో వచ్చే కుస్తీని వాళ్ళు రికార్డు చేసి, వేరే ఊరి అభిమానితో పోస్టులో మార్చుకునేవాళ్ళు. కాపీకి కాపీ తీసి దానికి మళ్ళీ కాపీ తీసేసరికి రంగులు కారిపోయి, తెర మీద గీతలు పరిగెత్తేవి, రిఫరీ ఎవరో ఫైటరెవరో తెలిసేది కాదు. అయినా దాచారు. వ్యాపారస్తులకి అది సరుకని తెలిసింది చాలా తర్వాత. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే కుస్తీ కంపెనీ ఓనరు విన్స్ మెక్‌మాన్ 1980ల్లో ఊరూరి ప్రమోటర్లని ఒక్కొక్కరినే దెబ్బకొట్టాడు, 2001లో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూని కొనేశాడు, మూతపడ్డ మిగతా కంపెనీల టేపులు కూడా ఒక్కొక్కటే కొని, 2014లో అన్నీ కలిపి నెలకి 9.99 డాలర్ల చందాతో ఆన్‌లైన్లో పెట్టాడు. ఓడించినవాళ్ళ జ్ఞాపకాలకి కూడా ఓనరు ఆయనే అయ్యాడు. చరిత్ర మొత్తం ఒకే బీరువాలో, తాళం ఒకరి దగ్గరే ఉండటం నాకైతే నచ్చదు, కానీ ఆ బీరువానే లేకపోతే ఈపాటికి బూజు పట్టేవి.

తాళం ఉన్నవాడు ఏం చేయగలడో మన తరం కళ్ళారా చూసింది. మనం చిన్నప్పుడు చూసింది డబ్ల్యూడబ్ల్యూఎఫ్. అవే అక్షరాలు పాండా బొమ్మ ఉండే వన్యప్రాణుల సంస్థవి కూడా, వాళ్ళు కోర్టుకెళ్ళి గెలిచారు. 2002లో కుస్తీ కంపెనీ పేరు డబ్ల్యూడబ్ల్యూఈ అని మార్చుకుంది, ఆ తర్వాత పాత ఫైట్లు వేసినప్పుడల్లా ఆ లోగో కనపడ్డ చోటల్లా మసక వేసేది. 2012లో రాజీ కుదిరాకే మసక పోయింది. పదేళ్ళపాటు హల్క్ హోగన్ వెనక ఏదో బురద అంటుకున్నట్టు ఉండేది.

ఆ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మన ఇళ్ళకి 1990ల మొదట్లో కేబుల్‌తో, ప్రైమ్ స్పోర్ట్స్‌లో వచ్చింది. వాళ్ళు ఇంగ్లీషులో ఏం తిట్టుకుంటున్నారో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కాబట్టి కథ మనమే అల్లుకున్నాం. ఫైటర్ల బరువూ ఎత్తూ అచ్చేసిన ట్రంప్ కార్డులు మన ఎన్‌సైక్లోపీడియా. బరువు అడిగితే యోకోజునా ఉన్నవాడు రాజు, ఎత్తు అడిగితే జెయింట్ గొంజాలెజ్. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని, ఏడుసార్లు చచ్చి బతికాడని మా బడిలో ఒట్టేసి చెప్పేవాళ్ళు. నేనూ చెప్పాను.

ఆ కథ ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తేలిగ్గా పట్టుకోవచ్చు. 1994 జనవరి 22, రాయల్ రంబుల్ అనే పెద్ద షో. యోకోజునాకి తోడుగా పదిమంది దాకా వచ్చి అండర్‌టేకర్‌ని చావబాది శవపేటికలో పెట్టి మూతేస్తారు, లైట్లు పోతాయి, తెర మీద అతని మొహం కనపడి మాట్లాడుతుంది, ఆఖరికి అతని ఆకారం పైకి తేలిపోతుంది. వెన్ను దెబ్బకి సెలవు కావాలి, దానికి ఇంత హంగామా. ఆ తర్వాత ఇంకో మనిషికి అదే వేషం వేసి నకిలీ అండర్‌టేకర్‌ని తెచ్చారు, ఆగస్టులో అసలువాడు వచ్చి వాణ్ణి ఓడించాడు. మనకి అది రెండో ప్రాణం.

మొన్న పండక్కి మా పెదనాన్న కొడుకు వస్తే, వాడూ నేనూ కార్డులు మార్చుకుని కొట్టుకున్నవాళ్ళమే కదా అని, ఆ జనవరి ఫైటు తీసి పెట్టాను. బొమ్మ శుభ్రంగా ఉంది, లోగో కూడా కనపడుతోంది. వాడు చూశాడు, పదిమంది వచ్చారు, పెట్టెలో పెట్టారు, పైకి తేలిపోయాడు. అంతా అయ్యాక ఫోన్ నా చేతికిచ్చేసి అన్నాడు: "ఇది కాదురా. మనం చూసింది వేరే ఫైటు. అందులో పిడుగు పడింది."