ప్లేన్‌స్కేప్: టార్మెంట్ మళ్లీ ఆడేవారికి: అపోహలు - వాస్తవాలు

బ్లాక్ ఐల్ స్టూడియోస్ 1999లో తెచ్చిన ఈ గేమ్‌ని ఇప్పుడు మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్లు చాలామందే. వయసైపోయిన గ్రాఫిక్స్‌ని తిడతారు గానీ, ఎక్కువగా తేడా వచ్చేది క్యారెక్టర్‌కి పాయింట్లు పంచేచోటే.

అపోహ: ఆర్పీజీ (ఒక పాత్రని పెంచుకుంటూ ఆడే గేమ్) కదా, స్ట్రెంగ్త్ పెంచితే చాలు.
వాస్తవం: స్ట్రెంగ్త్, విజ్డమ్ లాంటి ప్రతి గుణం 9తో మొదలవుతుంది, పంచుకోవడానికి 21 పాయింట్లుంటాయి, ఒక్కోదానికి పరిమితి 18. విజ్డమ్ 18, ఇంటెలిజెన్స్ 16, కరిజ్మా 14 పెట్టండి, లెక్క సరిగ్గా సరిపోతుంది. విజ్డమ్ ఎక్కువుంటే ఎక్స్‌పీరియన్స్‌ కూడా ఎక్కువొస్తుంది, హీరోకి పాత జన్మల జ్ఞాపకాలు తిరిగొస్తాయి. గుణం చాలకపోతే సంభాషణలో ఆ జవాబు అసలు కనిపించదు, ఏం పోగొట్టుకున్నారో కూడా తెలియదు. తప్పించుకోలేని పోరాటాలు చాలా తక్కువ. కత్తి దూసే విక్రమార్కుడు కాదు, భేతాళుడికి జవాబు చెప్పే విక్రమార్కుడు కావాలిక్కడ. అయితే కర్స్ట్ ఊరు దాటాక పోరాటాలు ముదురుతాయి. లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్లలో కొన్ని అప్పటికి కాన్‌స్టిట్యూషన్‌లో (దెబ్బలు తట్టుకునే శక్తి) వేసి ఉంచండి.

అపోహ: ఫైటర్‌గా మొదలైతే చివరిదాకా ఫైటరే.
వాస్తవం: అందరూ ఫైటర్‌గానే మొదలవుతారు. రాగ్‌పికర్స్ స్క్వేర్‌లో మెబెత్ అనే ముసలామె చెప్పిన పనులు చేసిపెడితే మంత్రవిద్య నేర్పుతుంది. మాటలతో గెలవాలనుకునేవారికి ఇదే మేలు, ఇంటెలిజెన్స్ మాటలకీ, మంత్రాలకీ రెండు విధాలా పనికొస్తుంది.

అపోహ: చనిపోతే వెంటనే పాత సేవ్ లోడ్ చేయాలి.
వాస్తవం: అక్కర్లేదు. హీరోకి చావు లేదు, మరోచోట లేస్తాడు. సిగిల్ నగరాన్ని ఏలే లేడీ ఆఫ్ పెయిన్‌కి పదేపదే కోపం తెప్పించడం లాంటివి మాత్రం నిజమైన చావే. సహచరుల సంగతి వేరు, వాళ్లని మీరే బతికించాలి. ఆ శక్తి ఆట మొదలయ్యే మార్చురీలో డియోనారా ఆత్మతో ఓపిగ్గా మాట్లాడితేనే దొరుకుతుంది. తొందరపడి బయటికి నడిచేవాళ్లు దాన్ని అక్కడే వదిలేస్తారు.

అపోహ: పాత వెర్షన్‌కి మోడ్‌లు (అభిమానులు చేసిన మార్పులు) వేసుకుంటేనే అసలు రుచి.
వాస్తవం: పాతది 640×480లో నడుస్తుంది. వైడ్‌స్క్రీన్ మోడ్, తప్పులు సరిదిద్దే ఫిక్స్‌ప్యాక్ వేయొచ్చు, కానీ కొత్త ఆట మొదలుపెట్టకముందే వేయాలి. గేమ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే విండోస్ అనుమతులు అడ్డుపడి మోడ్ సగంలో ఆగుతుంది, వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయండి. ఇంత తలనొప్పి ఎందుకు, బీమ్‌డాగ్ 2017లో ఇచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ చాలు. ట్యాబ్ నొక్కితే తెరపై వస్తువులు, తలుపులు వెలుగుతాయి. దానిమీద పాత ఫిక్స్‌ప్యాక్ మాత్రం వేయకండి, అది పాత వెర్షన్ కోసం రాసింది.

అపోహ: సహచరులంతా దారిలో వాళ్లంతట వాళ్లే కలుస్తారు.
వాస్తవం: మొత్తం ఏడుగురు, ఒకేసారి ఐదుగురికే చోటు. వాళ్లలో నార్డమ్‌ని చాలామంది చూడనే చూడరు. సిగిల్‌లోని క్లర్క్స్ వార్డ్‌లో వ్రిషికా దుకాణంలో మోడ్రాన్ క్యూబ్ కొని, అది తెరిచే మేజ్‌లో (చిక్కుదారుల్లో) కష్టస్థాయి పెంచితేనే కనిపిస్తాడు. కథలో రావెల్ అనే మంత్రగత్తె దగ్గరికి వెళ్లాక సిగిల్‌కి చాలాసేపు తిరిగి రాలేరు కాబట్టి ఈ పని ముందే పూర్తి చేసుకోండి.