గుణుపురానికి 256 కలపాలి

ఒడిశాలోని రాయగడలో డీటీపీ సెంటర్ నడుపుతున్న పాఠకుడొకరు అడిగారు: "గుణుపురం అని కొట్టి వెతికితే కంప్యూటర్ కొన్ని దస్తావేజులే చూపిస్తోందండీ. మిగతావీ నా చేత్తో టైపు చేసినవే. ఎందుకు దొరకవు?" గుణుపురం అక్కడి ఒక ఊరు. ఆయన దగ్గర తెలుగు ఫైళ్లతో పాటు ఒడియా ఫైళ్లూ ఉన్నాయి.

వెతకమనగానే కంప్యూటర్ ఫైళ్లన్నీ తెరిచి చదువుతుందని చాలామంది అనుకుంటారు. 1973లో కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ అనే వెతికే ప్రోగ్రాం నిజంగా అలాగే చేస్తుంది. విండోస్ సెర్చ్ లాంటివి మాత్రం తీరిక వేళ ముందే ఒక ఇండెక్స్ కట్టుకుంటాయి, పుస్తకం చివరి పదసూచికలాగా: ఇదీ మాట, ఇవీ ఆ మాట ఉన్న ఫైళ్ల నంబర్లు. "గుణుపురం", "దానపట్టా" రెండూ అడిగితే రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి ఉమ్మడి నంబర్లు ఏరుతుంది. "మరియు" అనే మాట ప్రతి దస్తావేజులోనూ ఉంటుంది కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మాట ఎంత అరుదైతే దానికి అంత బరువివ్వాలన్న లెక్కను 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పారు. దసరాకి సీపీయూకి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టినా ఆక్షేపణ లేదు గానీ, ఇండెక్స్‌లో ఎక్కని మాటను ఆ నిమ్మకాయ తెచ్చిపెట్టదు.

ఎక్కకపోవడానికి రెండు కారణాలు మామూలే. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉండేది బొమ్మే, అక్షరాలు కావు. బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ ప్రోగ్రాంతో చదివిస్తే తప్ప అందులో వెతకడానికేమీ ఉండదు. ఇక అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు మన కంటికి తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లు. దాన్ని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.

నాకు అసలు సరదా ఒడియా ఫైళ్లతోనే. వాటిలో ఊరి పేరు ఒడియా లిపిలో ఉంటుంది కాబట్టి తెలుగులో కొడితే దొరకదు. బళ్లో యూనికోడ్ అంటే ఏమిటని అడిగి రెండు మార్కులిచ్చి వదిలేస్తారు, అందులోని అందం ఒక్కరూ చెప్పరు. మన లిపుల్లో చాలావరకు బ్రాహ్మీ సంతానమే, వాటి వర్ణమాల వరస ఒకటే. అందుకే మన దేశంలో రూపొందిన ఇస్కీ అనే అక్షరాల కోడ్‌ల ప్రమాణం (1988 నాటిది) ఈ లిపులన్నిటిలోనూ ఒకే అక్షరాన్ని ఒకే గదిలో, అంటే ఒకే నంబరు దగ్గర, కూర్చోబెట్టింది. 1991లో వచ్చిన యూనికోడ్ ఆ అమరికనే తీసుకుని లిపికి 128 గదులిచ్చింది. ఒడియా వరస 2816 దగ్గర మొదలవుతుంది, తెలుగు వరస 3072 దగ్గర. తేడా 256. ఒడియా "గ" 2839, తెలుగు "గ" 3095. ఒడియా "ణ" 2851, తెలుగు "ణ" 3107. కొమ్ముకీ అంతే: 2881, 3137.

ఒడియాలో ఊరి పేరు "గుణుపుర". ఆ ఏడు కోడ్‌లకీ 256 చొప్పున కలపండి, అచ్చ తెలుగులో "గుణుపుర" వస్తుంది. దాన్నే ముందుభాగంగా ఇచ్చి వెతికితే గుణుపురం, గుణుపురంలో, గుణుపురానికి అన్నీ ఒక్క దెబ్బకి దొరుకుతాయి. నిఘంటువు అక్కర్లేదు, ఏఐ అక్కర్లేదు, ఒక కూడిక చాలు. ఇండెక్స్ కట్టేటప్పుడే ప్రతి ఒడియా మాటనీ ఇలా మార్చి రెండో పద్దుగా ఎక్కించే చిన్న ప్రోగ్రాం కోడింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లెవరైనా రాసిపెట్టగలరు.

"రాయగడ" దగ్గర మాత్రం బండి ఆగుతుంది. ఒడియా వాళ్లకి "య" రెండు రకాలు. ఈ పేరులో వాడేది 2911వ గదిలోది. 256 కలిపితే 3167, తెలుగులో ఆ గది ఖాళీ. పైగా "డ" కింద వాళ్లు చుక్క పెడతారు, చివర దీర్ఘం పెడతారు. కాబట్టి 2911ని తెలుగు "య"కి మళ్లించాలి, చుక్క తీసేయాలి, చివరి దీర్ఘాన్ని పట్టించుకోకూడదు. ఒడియాకి హ్రస్వ ఎ, ఒలు కూడా లేవు. కూడికలో ఎప్పుడూ ఏ, ఓలే వస్తాయి కాబట్టి తెలుగు వైపు కూడా ఆ జంటల్ని ఒకటిగానే లెక్కించాలి.

మహారాష్ట్రలోని సిరోంచ వైపు మరాఠీ ఫైళ్లున్నవాళ్లకి కలపాల్సిన సంఖ్య 768. దేవనాగరిలో రాసిన ఆ ఊరి పేరు నేరుగా "సిరోంచా" అయి వస్తుంది, మరాఠీ "ళ" కూడా మన "ళ" అవుతుంది.