సరుకు కంటే ముందు మనిషి: ఆన్‌లైన్ సమూహాల్లో ప్రకటనల నిబంధన ఎలా పుట్టింది

1994 ఏప్రిల్ 12న అమెరికాలో యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదిక చదివేవారికి దాదాపు ఏ న్యూస్‌గ్రూపు (ఒక్కో అంశానికి ఉండే చర్చా గ్రూపు) తెరిచినా ఒకే ప్రకటన ఎదురైంది. ‘గ్రీన్ కార్డ్ లాటరీ: ఇదే చివరిదా?’ అన్నది దాని శీర్షిక. అమెరికాలో స్థిరంగా ఉండే అనుమతిని, అంటే గ్రీన్ కార్డును, లాటరీ తీసి ఇచ్చే పథకం గురించినది అది. అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో న్యాయవాద వృత్తిలో ఉన్న భార్యాభర్తలు లారెన్స్ కాంటర్, మార్తా సీగెల్ దాన్ని ఐదు వేలకు పైగా గ్రూపుల్లో పెట్టారు. వంటల గురించి మాట్లాడుకునేవారికీ, గణితం చర్చించుకునేవారికీ అదే ప్రకటన.

అందులో మనం ఆగి చదవాల్సిన వాక్యం ఒకటుంది. లాటరీకి అర్హత లేని దేశాల జాబితాను వారే ఇచ్చారు. మెక్సికో తర్వాత రెండో పేరు భారతదేశం. అప్పటికే అమెరికా విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థులు బాగా ఉండేవారు. యూజ్‌నెట్‌లో తెలుగువారికి సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే సొంత గ్రూపు కూడా ఆ దశాబ్దంలో నడిచింది. తెలుగు అక్షరాలు తెర మీదికి రాని ఆ రోజుల్లో రోమన్ లిపిలోనే పద్యాలు రాసుకున్నారు, అర్థాల మీద వాదించుకున్నారు. గ్రీన్ కార్డు మీద అంత ఆశ ఉన్న ఆ విద్యార్థుల్లో ఎవరు ఆ ప్రకటన తెరిచినా, తమకు పనికిరాదని అందులోనే రాసి ఉంది. ఎదుట ఎవరున్నారో చూడకుండా మాట్లాడితే జరిగేది ఇదే.

లాటరీ అబద్ధం కాదు, అది ప్రభుత్వ పథకమే. అయితే ఎవరికివారు ఉచితంగా పంపుకోగల దరఖాస్తుకు ఈ దంపతులు రుసుము అడిగారు. అంతకంటే మంట పుట్టించింది ప్రకటన పెట్టిన తీరు. ఒక్కో గ్రూపులో విడివిడిగా పెట్టడంతో, పది గ్రూపులు చదివే మనిషి దాన్ని పదిసార్లు దాటుకోవాల్సి వచ్చింది. యూజ్‌నెట్ ఎవరి సొత్తూ కాదు. విశ్వవిద్యాలయాలు, కంపెనీలు తమ యంత్రాలు ఇచ్చి, ఫోను ఖర్చులు భరించి దాన్ని నడిపేవి. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచిన ప్రధాన నెట్‌వర్క్ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌లో వ్యాపార ప్రకటనలకు అనుమతే లేదు. 1995 ఏప్రిల్‌లో ఆ నెట్‌వర్క్ మూతపడేదాకా ఆ నిబంధన ఉంది. అంటే ఊరందరూ చందాలు వేసుకుని కట్టుకున్న రచ్చబండ మీదికెక్కి ఇద్దరు దుకాణం తెరిచినట్టయింది.

తిట్ల ఉత్తరాల వెల్లువకు వారికి ఇంటర్నెట్ ఇచ్చిన సంస్థ యంత్రాలు కుప్పకూలాయి, సంస్థ వారి ఖాతాను తీసేసింది. ఆ ప్రకటనలను వెతికి తుడిచే ప్రోగ్రాం ఒకటి నార్వే నుంచి వచ్చింది. దంపతులు మాత్రం వెనక్కి తగ్గలేదు, మంచి లాభం వచ్చిందనే చెప్పుకున్నారు. కాంటర్ వకీలు పట్టాను టెనెసీ రాష్ట్రం 1997లో రద్దు చేసింది. అందుకు చూపిన కారణాల్లో ఈ ప్రకటనల వ్యవహారం కూడా ఉంది.

ఆ ప్రకటన వచ్చిన మరుసటి ఏడాది, 1995 అక్టోబరులో, ఇంటెల్ ఉద్యోగి శాలీ హాంబ్రిడ్జ్ రాసిన నెట్ మర్యాదల పత్రం వెలువడింది. ఏ గ్రూపులోనైనా ఏదైనా రాసే ముందు ఒకటి రెండు నెలలు చదవండి, అక్కడి పద్ధతి తెలుస్తుంది అని అందులో ఉంది. ‘ముందు సమూహంలో కలిసిపోండి, ఆ తర్వాతే అమ్మండి’ అని ఈనాటి వ్యాపార సలహాదారులు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పే మాటకు మూలం ఇదే. నా దృష్టిలో ఇది అమ్మకపు ఉపాయం కాదు. దెబ్బ తిన్నవారు రాసుకున్న ఇరుగుపొరుగు మర్యాద.

అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ ఊళ్లో జరిగే కార్యక్రమాల వివరాలను మిత్రులకు ఈమెయిల్ చేయడం మొదలుపెట్టారు. ఉద్యోగాల కబుర్లూ చేర్చమని చదివేవారే అడిగారు. అలా పెరిగినదే చిన్న ప్రకటనల సైటు క్రెయిగ్స్‌లిస్ట్.

మనుషులు వేలు దాటి లక్షలయ్యాక ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడం కుదరలేదు. నమ్మకానికి అంకె తగిలించారు. కొన్నవారూ అమ్మినవారూ ఒకరి గురించి ఒకరు రాసే ఏర్పాటును ఆన్‌లైన్ వేలం సైటు ఈబే 1996లో తెచ్చింది. 2005లో వచ్చిన చర్చా వేదిక రెడ్డిట్‌లో, ఇతరుల ఓట్లతో వచ్చే ఆ అంకె పేరు కర్మ. 2008లో మొదలైన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త సభ్యుడికి ఉండేది ఒక్క పాయింటు. ఇతరుల ప్రశ్నల కింద వ్యాఖ్య రాయాలంటే 50 కావాల్సి ఉండేది. ఒక మాట కూడా చెప్పుకోవాలి. తొలినాళ్లలో రెడ్డిట్ ఖాళీగా కనిపించకుండా తామే రకరకాల పేర్లతో లింకులు పెట్టామని వ్యవస్థాపకుడు స్టీవ్ హఫ్‌మన్ తర్వాత ఒప్పుకున్నారు. సభ్యుల నుంచి నిజాయితీ కోరిన చోటు పునాదిలోనే ఆ లోపం ఉండటం నన్ను బాధపెట్టింది.

అంకె వచ్చాక దాన్ని కొనేవారూ వచ్చారు. మన దేశంలో డబ్బు తీసుకుని చేసే ప్రచారమైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది.

వాట్సాప్ గ్రూపుల్లో ఈ అంకెలేవీ లేవు, సభ్యుల జ్ఞాపకమే కొలత. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ప్రకటనలకు ఆదివారం ఒక్కరోజే. మూడో అంతస్తులో ఉండే ఒకావిడ రెండేళ్లుగా నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుంది, పిల్లల టీకాలు ఏ రోజు వేస్తారు అని అడిగినవారికల్లా ఓపికగా జవాబు చెప్పేవారు. మొన్న వేసవిలో ఆవకాయ పెట్టి, కిలో ధర రాసి ఒక్క ఫోటో పంపారు. సాయంత్రానికి జాడీలు ఖాళీ. అదే నెల చేరిన మరొకామె రోజుకు నాలుగుసార్లు చీరల ఫోటోలు పంపారు. చీరలు బాగున్నాయి, ధర అడిగినవారు లేరు. మనసొప్పక నేను ఆమెకు విడిగా సందేశం పెట్టాను, ముందు అందరినీ ఒకసారి పలకరించండని. తర్వాతి ఆదివారం ఆమె చీర ఫోటో పెట్టలేదు. ‘సి బ్లాకులోకి కొత్తగా వచ్చాం, మాది చీరాల, మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, దగ్గర్లో మంచి డాక్టరు ఎవరైనా ఉన్నారా?’ అని రాశారు. మొదటి జవాబు ఆవకాయ పెట్టినావిడ నుంచే వచ్చింది.