గడ్డకు పేరు పెట్టే డాక్టరు

మా పెద్దమ్మ తొడలో గడ్డ మొదట్లో నిమ్మకాయంత ఉండేది. నొప్పి లేదు, జ్వరం లేదు. చిత్తూరులో ఒక చిన్న ఆసుపత్రిలో "కొవ్వుగడ్డేనమ్మా, అరగంట పని" అని తీసేశారు. తీసింది చెత్తబుట్టలోకి పోయింది. ఏడాది తిరక్కుండానే అదే చోట మళ్ళీ లేచింది. ఈసారి రాయవేలూరు తీసుకెళ్తే, అక్కడి డాక్టరు కాలు చూడకముందే అడిగాడు: "అప్పుడు తీసిన ముక్క రిపోర్టు ఏది?"

మా దగ్గర ఉంటే కదా!

మొదటి డాక్టరు అంచనా మరీ వింతదేం కాదు. చర్మం కింద లేచే గడ్డల్లో చాలావరకు కొవ్వుగడ్డలే. కొవ్వు, కండ, నరం, రక్తనాళం లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్లను సార్కోమాలు అంటారు. పెద్దవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇవి నూటికి ఒకటి దాకా ఉంటాయి, అంతే. కానీ గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా కండలో ఉన్నా, పెరుగుతూ పోతున్నా ముందు స్కాన్, తర్వాత సూదితో ముక్క పరీక్ష, ఆ తర్వాతే కత్తి. "సూది గుచ్చితే పాకుతుంది" అని మనవాళ్ళు భయపడతారు. పద్ధతిగా తీసే సూది ముక్కతో ఆ ప్రమాదం చాలా తక్కువ. అసలు చేటంతా ఏమిటో తెలియకుండా కోయడంలోనే ఉంది. క్యాన్సర్ కణాలు చుట్టుపక్కల పొరల్లోకి చేరితే, తర్వాతి సర్జన్ ఆ చోటంతా తవ్వి తీయాలి.

ఆ ముక్క చేరేది పాథాలజిస్టు దగ్గరికి, అంటే ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి జబ్బేమిటో తేల్చే డాక్టరు దగ్గరికి. రోగికి దాదాపు ఎప్పుడూ ఎదురుపడడు. ముక్కను ఫార్మలిన్‌లో నిలవబెట్టి, మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటే, మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు కోస్తారు. అంత పల్చటి పొరకు రంగుండదు, అద్దాలి. అద్దేది హెమటాక్సిలిన్, మధ్య అమెరికా చెట్టు చేవలోంచి వచ్చే రంగు. మన శేషాచలం ఎర్రచందనానిదీ ఆ చెట్టుదీ ఒకటే చిక్కుడు కుటుంబం. ఒంటరిగా ఆ రంగు సరిగ్గా పట్టదు, పటిక కలపాలి. శ్రీకాళహస్తి కలంకారీ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు గీస్తారు, తర్వాత రంగునీళ్ళలో ఉడికిస్తే అక్కడే ఎరుపు నిలుస్తుంది. స్లైడు మీదా అదే రసాయనం: పటికలోని అల్యూమినియం రంగుకూ కణ కేంద్రకంలోని డీఎన్ఏకూ మధ్య లంకె వేస్తుంది. కేంద్రకం నీలంగా తేలుతుంది. మిగతాది ఇంకో రంగు ఇయోసిన్‌తో గులాబీ రంగు.

ఇక పేరు పెట్టాలి. సార్కోమాల్లో డెబ్భైకి పైగా రకాలున్నాయి, చాలావాటిలో కణాలు ఒకేలా కదురు ఆకారంలో కనిపిస్తాయి. అప్పుడు ఇమ్యునో పరీక్షలు, అంటే కణాల్లో ఫలానా ప్రోటీన్ ఉందేమో చూసే పరీక్షలు చేస్తారు: డెస్మిన్ అనే ప్రోటీన్ కనబడితే కండ వైపు, ఎస్-100 కనబడితే చాలాసార్లు నరం వైపు. అదీ తేల్చకపోతే జన్యువులు. సైనోవియల్ సార్కోమాలో ఎక్స్, 18 క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ మారి ఉంటాయి. (కీలు లోపలి సైనోవియం పొరకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. పాత పేరు, అలాగే ఉండిపోయింది.)

అన్నిటికంటే మోసకారి నాడ్యులర్ ఫాషియైటిస్. వారాల్లో ఉబ్బుతుంది, స్లైడులో కణాలు జోరుగా విభజిస్తూ అచ్చం సార్కోమాలా భయపెడతాయి. కానీ అది క్యాన్సర్ కాదు, చాలాసార్లు దానంతటదే కరిగిపోతుంది. 2011లో దాని వెనక ఉన్న యూఎస్‌పీ6 జన్యు మార్పు బయటపడింది. అయినా మొదటి ఆధారం ఇప్పటికీ ఒక మామూలు ప్రశ్నే: గడ్డ లేచి ఎన్నాళ్ళయింది? అందుకే ముక్కతో వెళ్ళే కాగితం మీద "గడ్డ" అని ఒక్క మాట రాసి పంపే అలవాటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వయసు, చోటు, లోతు, ఎన్నాళ్ళ నుంచి, ఇవన్నీ ఉండాలి.

పేరు తర్వాత గ్రేడు, అంటే అది ఎంత దూకుడు రకమో. కణాలు మాతృకణజాలాన్ని ఎంత పోలి ఉన్నాయి, ఎన్ని విభజిస్తున్నాయి, ఎంత భాగం చచ్చిపోయింది అని లెక్కేస్తారు. ఆపరేషన్ అయ్యాక తీసిన ముద్ద అంచులకు సిరా పూసి, క్యాన్సర్ కణాలు ఆ సిరాను తాకాయేమో చూస్తారు. తాకితే ఒంట్లో ఇంకా కొంత మిగిలి ఉండొచ్చని అర్థం.

పెద్దమ్మ ముక్కకు వచ్చిన పేరు మిక్సాయిడ్ లైపోసార్కోమా, కొవ్వు తరహా సార్కోమాల్లో ఒకటి. రేడియేషన్‌కు బాగా లొంగే రకం కనుక ముందు రేడియేషన్ ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేశారు. ఊపిరితిత్తులనే కాక వెన్నెముకనూ గమనిస్తున్నారు, ఈ రకం అటూ పోతుంది కాబట్టి.

ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రీ తెరుచుకుంది. ఎక్కడికి వెళ్ళినా రెండో అభిప్రాయానికి స్లైడ్లతో పాటు మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకెళ్ళండి, దాన్నుంచి కొత్త పొరలు కోసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, మన మే నెల ఎండలో నిలిపిన కారులో మాత్రం దాన్ని వదలకండి. మైనం కదా.