దేవుణ్ణి నమ్మని పిల్ల నర్సు అవుతుందా?

సిరొంచ,
శివరాత్రి మరునాడు

చిట్టికీ, బాబుకీ అమ్మమ్మ ఆశీస్సులు.

దేవుణ్ణి నమ్మకపోతే నర్సు కాకూడదా అని మొన్న ఫోనులో చిట్టి అడిగిన మాటకు వెంటనే జవాబు చెప్పలేదు. పక్కన మీ పెద్దమ్మ కూర్చుని ఉంది. "దేవుడి గదిలో అడుగుపెట్టని పిల్ల రేపు రోగులకు ఏం సేవ చేస్తుంది?" అన్నది ఆమే కదా. ఆమె ముందు నోరు విప్పితే అది తగువయ్యేది. అందుకే కాగితం తీశాను. బాబూ, నువ్వూ చదువు. వచ్చే ఏడాది నువ్వూ నర్సింగే అంటున్నావట. మగపిల్లవాడికి అదేం చదువని నిన్ను ఏడిపిస్తున్నవాళ్లకు ఇంకో ఉత్తరంలో జవాబు రాస్తాను, దానికి కొంచెం కారం ఎక్కువ పడుతుంది.

నేను భక్తురాలిని. ఇది ముందే చెప్పుకోవాలి. గోదావరి మీద వంతెన లేని రోజుల్లో పడవ దాటి కాళేశ్వరం వెళ్లేదాన్ని. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తేశ్వరుడిది. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రుల్లో తిరిగినదాన్ని, ఆ ఇద్దరినీ పక్కపక్కన చూస్తే నాకు ఎంతో నెమ్మదిగా ఉండేది. వార్డులో కూడా వాళ్లిద్దరూ అంతే దగ్గరగా ఉంటారు.

ఇప్పుడు, మీ అమ్మకు కూడా చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

అప్పట్లో ఈ గడ్చిరోలి జిల్లాలోనే అడవి లోపల ఒక చిన్న ఆసుపత్రిలో ఉండేదాన్ని. ఆ రోజు శివరాత్రి. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. రాత్రి పది దాటాక ఒక మాడియా తెగ అమ్మాయికి కాన్పు చేశాను. మాయ పడింది, తెగిపోకుండా మొత్తం వచ్చిందని చూసుకున్నాను. కాన్పయ్యాక మొదటి రెండు గంటలు పావుగంటకోసారి పొత్తికడుపు తడిమి చూడాలి. గర్భసంచి గట్టిగా, కొబ్బరికాయలా చేతికి తగలాలి. పిండిముద్దలా మెత్తగా తగిలితే లోపల రక్తం ఆగడం లేదన్నమాట. రెండుసార్లు చూశాను, బాగానే ఉంది. ఆ తర్వాత లింగోద్భవ వేళ దగ్గరపడిందని గోడ పక్క కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని పంచాక్షరి మొదలుపెట్టాను. నిజానికి కళ్లు తిరుగుతున్నాయి, అందుకే కూర్చున్నాను. భక్తి అనుకున్నది సగం నీరసమే.

మూడో పావుగంట దాటిపోయింది.

ఆ గదిలోకి సూదులు ఉడకబెట్టే గిన్నె కోసం ఇంకో నర్సు వచ్చింది. నాకంటే పెద్దది, మరాఠీ ఆవిడ, తాయీ అని పిలిచేదాన్ని. పోతూ పోతూ అలవాటుగా దుప్పటి కింద చేయి పెట్టి బాలింత కడుపు తడిమింది. అంతే, గిన్నె కింద పెట్టేసింది. ఒక చేత్తో కడుపు మర్దన చేస్తూనే రెండో చేత్తో ఆ అమ్మాయి నడుము కొంచెం పైకెత్తింది. ముందు నుంచి చూస్తే గుడ్డ మీద పెద్దగా ఏమీ లేదు. రక్తమంతా వెనక్కి పోయి వీపు కింద రబ్బరు షీటు మడతలో మడుగు కట్టింది. రక్తం ఆపే మెథర్జిన్ సూది కోసం పరుగెత్తాను. నా చేతులు వణికితే ఆవిడే మందు ఎక్కించింది. చాలాసేపటికి కడుపు మళ్లీ గట్టిపడింది. ఆ పిల్ల బతికింది.

తాయీ నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లవారాక అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టి "తిను" అంది. తిన్నాను. శివరాత్రి ఉపవాసం ఇప్పటికీ ఉంటాను, చిట్టీ. డ్యూటీ ఉన్న ఏడాది మాత్రం ఆ తర్వాత ఎన్నడూ ఉండలేదు.

తాయీది చంద్రపూర్. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నారు కదా, రెండు రోజులకు, 16న, చంద్రపూర్ వచ్చి అక్కడివాళ్లకూ దీక్ష ఇచ్చారు. ఆ జనంలో వాళ్ల నాన్న ఉన్నాడట. ఆవిడ ఏ దేవుడికీ దండం పెట్టేది కాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, దేవుడు లేడంటావు, మరి నీకింత ఓపిక ఎక్కడిదని. ఆవిడ నవ్వి ఒక కథ చెప్పింది.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడట. మిగతా భిక్షువులెవరూ అతన్ని పట్టించుకోలేదు. బుద్ధుడే ఆనందుడితో నీళ్లు తెప్పించి, ఒకరు నీళ్లు పోయగా ఒకరు కడిగి, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత అందరినీ పిలిచి, మిమ్మల్ని చూసుకోవడానికి ఇక్కడ తల్లిదండ్రులు లేరు, మీకు మీరు చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారన్నాడు. నాకు సేవ చేయదలచినవాడు రోగికి చేయాలన్నాడు. అక్కడితో ఆగలేదు, రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన గుణాలు ఐదు చెప్పాడు. మందు సిద్ధం చేయడం రావాలి. రోగికి పడేదేదో, పడనిదేదో తెలియాలి. లాభం కోసం కాక మంచి మనసుతో చేయాలి. మలమూత్రాలు, వాంతి, ఉమ్మి ఎత్తడానికి అసహ్యపడకూడదు. అయిదోది, సమయం చూసి ధర్మం గురించి నాలుగు మాటలు చెప్పి ఊరట కలిగించగలగాలి.

మన ఆయుర్వేదంలో చరకుడు కూడా పరిచారకుడికి నాలుగు గుణాలు చెప్పాడు. ఉపచారం తెలిసి ఉండడం, పనిలో నేర్పు, రోగి మీద అనురాగం, శుచి. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. దేవుణ్ణి నమ్మాలన్న షరతు రెండింటిలోనూ లేదు. మీ పెద్దమ్మ మాత్రం బుద్ధుడి అయిదో గుణాన్ని పట్టుకుంటుంది, నాకు తెలుసు. పట్టుకోనీ. ధర్మం మాట అక్కడ ఉంది, నిజమే. కానీ అది అయిదోది. సమయం చూసి చెప్పాలన్నాడు కూడా. మలం ఎత్తడం దానికంటే ముందుంది.

అయితే చిట్టీ, నువ్వు రెండో వైపుకు ఒరిగిపోయి, భక్తులంతా దొంగలన్నట్టు మాట్లాడకు. ఈ వృత్తికి పునాదులు వేసినవాళ్లలో సన్యాసినులే ఎక్కువ. నేటి నర్సింగుకు దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1837లో, ఇంకా పదిహేడేళ్లు నిండకముందే, దేవుడు తనను పిలిచాడని రాసుకుంది. 1851లో ఆమె ఈ పని నేర్చుకున్నది జర్మనీలో ఒక పాస్టరు నడిపే సంస్థలోనే. ఒడిశా వైపు రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆసుపత్రి లేకపోతే ఆ కొండల్లో ఎందరు తల్లులు పోయేవారో. ఆ భక్తి లేకపోతే ఆ రోజుల్లో అంత దూరం ఎవరొచ్చేవారు?

కానీ అదే నైటింగేల్ 1854లో 38 మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని క్రిమియా యుద్ధానికి బయలుదేరినప్పుడు ఎవరెవరు ఉన్నారో చూడు. పదిమంది కాథలిక్ సన్యాసినులు, ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి, సంఘాలవాళ్లు కొందరు, పద్నాలుగు మంది మామూలు ఆసుపత్రి నర్సులు. వీళ్లలో ఏ మతంవాళ్లు ఎక్కువయ్యారు, ఎవరు సైనికులను తమలో కలిపేసుకుంటారు అని ఇంగ్లండులో పెద్ద రభస. అక్కడ టర్కీలోని స్కుటారి ఆసుపత్రిలో సైనికులు గాయాలకంటే జబ్బులతోనే ఎక్కువగా చచ్చిపోతున్నారు. 1855 మార్చిలో పారిశుధ్య సంఘం వచ్చి మురుగు కాలువలు కడిగించాక చావులు తగ్గాయి. తర్వాత ఆమె ఆ చావుల లెక్కలన్నీ బొమ్మలుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. దేవుడు పిలిచాడని నమ్మిన మనిషే మురుగు లెక్కలు కట్టింది. 1860లో లండన్‌లో ఆమె పేరున మొదలైన నర్సుల బడి ఏ చర్చి చేతి కిందా లేదు.

నర్సింగ్ చదువులో దీపాలు వెలిగించే రోజున మీ చేత ఒక ప్రమాణం చేయిస్తారు. చాలాచోట్ల చదివించే పాత ప్రమాణం దేవుని ఎదుట, ఈ సభ ఎదుట అని మొదలవుతుంది. నైటింగేల్ పేరు పెట్టారు గానీ ఆమె రాయలేదు, 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో తయారైంది. "దేవుని ఎదుట" అనే దగ్గర నేనేం చేయాలి అని అడిగావు. తాయీ ఏం చేసిందో చెబుతాను. ఆ రెండు మాటల దగ్గర ఊరుకుని, సభ దగ్గర నుంచి అందరికంటే గట్టిగా చదివిందట. 

నీ నమ్మకం సంగతి అయింది. రోగి నమ్మకం సంగతి ఇంకా పెద్దది, దాని గురించి మీ ఇద్దరినీ ఎవరూ అడగడం లేదు.

మన గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టరు దంపతులు 1986లో పని మొదలుపెట్టారు. ఆసుపత్రి కట్టబోయే ముందు గోండు జనాన్ని పిలిచి మీరెందుకు ఆసుపత్రికి రారని అడిగారు. జనం చెప్పిన కారణాల్లో ఒకటి విని నేను రెండు రోజులు నా తెల్ల చీర వంక చూసుకున్నాను. మేం శవానికి తెల్లగుడ్డ చుడతాం, శవంలా తెల్లగుడ్డ చుట్టుకున్నవాళ్లు ప్రాణం ఎలా పోస్తారు అన్నారట. మా వాళ్లను దగ్గర ఉండనివ్వరు అన్నారట. అందుకని అక్కడ గుడిసెల్లాంటి గదులు కట్టి, రోగితోపాటు ఇంటివాళ్లూ ఉండేలా చేసి, ఆసుపత్రికి వాళ్ల దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. కట్టినవాళ్లకు దంతేశ్వరి మీద ఎంత నమ్మకమో వచ్చిన రోగి అడగడు. తన దేవతను గుమ్మం బయట వదిలి రావాల్సిన పని లేదని తెలిస్తే అతనికి చాలు.

నేను పనిచేసిన ఒకచోట జ్వరంతో వచ్చిన పిల్లవాడి చేతికి సెలైన్ పెట్టాలి. మణికట్టు మీదుగా తాయెత్తు అడ్డం. ఒక నర్సు కత్తెరతో టక్కున కోసి చెత్తడబ్బాలో వేసింది. చాలా భక్తిగల మనిషి ఆమె, కాకపోతే భక్తి వేరే దేవుడి మీద. మలేరియా జ్వరం తగ్గనేలేదు, ఆ రాత్రే తల్లి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని అడవిదారిన వెళ్లిపోయింది. ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు. తాయీ అయితే తాయెత్తు విప్పి తల్లి చేతికి కట్టేది, వెళ్లేటప్పుడు మళ్లీ పిల్లవాడికి కట్టమని గుర్తు చేసేది. తాయెత్తు మీద ఆవిడకు పైసా నమ్మకం లేదు. ముడి మాత్రం ఎంత జాగ్రత్తగా విప్పేదో, గోళ్లతో, ఓపికగా, దారం తెగకుండా.

పెళ్లికాని పిల్లలు గర్భంతో వస్తారు. ఎక్కడో ఎవరి దగ్గరో చెడగొట్టించుకుని, లోపలంతా చీము పట్టి వస్తారు. అప్పుడు పుణ్యం, పాపం తూచే నర్సు చేయి గట్టిగా పడుతుంది. కావాలని కాదు, కోపం వేళ్లలోకి దిగుతుంది. నా వేళ్లలోకీ దిగింది, ఒకటి రెండుసార్లు. ఆ పిల్లలు పళ్లు బిగించి ఊరుకుంటారు, తమకు అది తగిన శాస్తే అనుకుంటారు. అది నన్ను ఇంకా వేధిస్తుంది. దేవుణ్ణి నమ్మనివాళ్లు ఇలా తూచరని కాదు. తిట్టే నాస్తికులనూ చూశాను.

పసివాళ్లు పోయిన రాత్రుల్లో నాకు కాళేశ్వరం ఉండేది. తాయీకి ఏముండేదో నేనెప్పుడూ అడగలేదు. ఆవరణలో నిలబడి ఒక బీడీ కాల్చి వచ్చి పక్క మంచం దగ్గర జ్వరం చూసేది. చిట్టీ, నీకూ ఏదో ఒకటి దొరకాలి, వెతుక్కో. బీడీ మాత్రం వద్దు.

నా చేతిగడియారం పంపుతున్నాను. సెకన్ల ముల్లు సరిగా తిరుగుతోంది, పట్టీ కొత్తది వేయించాను. నాడి చూసేటప్పుడు ఫోను తీస్తే రోగి నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నావనుకుంటాడు.

కాళేశ్వరం విభూతి కావాలన్నావని మీ అమ్మ చెప్పింది. నీకు కాదట, హాస్టల్ గదిలో నీతో ఉండే పిల్లకట, పరీక్షలంటే భయపడుతోందట. నిన్న అవతలికి వెళ్లిన జనంలో ఒకరిచేత తెప్పించాను. తడి తగలకుండా రెండు కాగితాల్లో మడిచాను. ఆ పిల్ల చేతికి ఇచ్చేటప్పుడు నవ్వకు.

మీ
అమ్మమ్మ